వినాళగ్రంథులు - పురుషావయవాలలో వాపు

పాతబస్తీ సందులలో నడిచేవారికి గోడలమీద ఒక రకపు ప్రకటనలు తరచుగా కనిపిస్తూ ఉంటాయి. గుప్తరోగాలు శీఘ్రంగా మాన్పబడునని, పోయిన పౌరుషం తిరిగి వచ్చునని వాటి సారాంశం. అవి చదివి లోపలికి వెళ్ళే మనిషి బాధ చాలాసార్లు వాపు, నొప్పి, మూత్రంలో మంట. అతని చేతికి వచ్చేది మాత్రం బలానికి మందు. వాపుకూ బలానికీ సంబంధమున్నదా? ఉన్నది, కాని ఆ ప్రకటనలు చెప్పే విధంగా కాదు. ఆ సంబంధమెట్టిదో విచారించడమే నేటి ప్రసంగోద్దేశం.

ముందుగా వాపు అంటే ఏమిటో చూద్దాము. ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో సెల్సస్ అనే రోమను రచయిత పేర్కొన్నాడు. చార్మినారు ప్రక్కనే ఉన్న నిజామియా వైద్యశాలలో నేటికీ సాగుతున్న యునానీ వైద్యంలో దీనికి ‘వరమ్’ అని పేరు. మన ఆయుర్వేదంలో ఇది శోథ. పేరు ఏదైనా, ఇది స్వతహాగా వ్యాధి కాదు. దేహం చేసే ఆత్మరక్షణ. శత్రువు ప్రవేశించిన చోటికి రక్తం పరుగెత్తుతుంది, రక్షకకణాలు గుమిగూడుతాయి, పోరాటం జరుగుతుంది. పోరాటం వేళకు ముగిస్తే ఆరోగ్యం. ముగియకపోతే రణభూమి అయిన అవయవమే పాడవుతుంది.

ఈ పోరాటం ఎంత తీవ్రంగా సాగాలో నిర్ణయించే అధికారులలో హార్మోనులు ముఖ్యమైనవి. నాళం లేని గ్రంథులనుండి నేరుగా రక్తంలో కలిసి, దూరపు అవయవాలకు ఆజ్ఞలు మోసుకొనిపోయే ఈ ద్రవ్యాలకు 1905లో స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోను అని నామకరణం చేసినాడు. పురుష హార్మోనులలో ప్రధానమైన టెస్టోస్టెరోన్‌ను 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఎద్దు వృషణాలనుండి వేరుచేసినారు. గడ్డము, మీసము, కండబలము దీని వలననే అని అందరికీ తెలుసు. రక్షకకణాల ఆవేశాన్ని అణచిపెట్టే గుణం కూడా దీనికి ఉన్నదని తెలిసినవారు తక్కువ.

ఆ అణచివేత అవసరమేమిటి? శుక్రకణాలు యుక్తవయస్సులోగాని పుట్టవు. అప్పటికి చాలా సంవత్సరాల ముందే రక్షకకణాలు తనవారెవరో, పరులెవరో పాఠం నేర్చుకొని ఉంటాయి. కనుక సొంత శుక్రకణాలే వాటి కంటికి పరాయివి. అవి ఒకదానికొకటి ఎదురుపడకుండా వృషణంలోని సెర్టోలీ కణాలు బిగువైన అడ్డుగోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడ పటిష్ఠంగా నిలవడానికి టెస్టోస్టెరోన్ కావాలి. దెబ్బవలనగాని, వ్యాధివలనగాని గోడ బీటువారితే, దేహం తన బీజంమీద తానే యుద్ధం ప్రకటించవచ్చు. సంతానలేమికి ఇది ఒక కారణం.

వృషణానికి వెనుక ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టం చుట్టలు చుట్టుకొని ఉంటుంది. విప్పి చాచితే ఆరు మీటర్ల పొడవు. శుక్రకణాలు పరిపక్వమయ్యేది అందులోనే. మూత్రమార్గంనుండి ఎగబ్రాకే సూక్ష్మజీవులను ఎదుర్కొనడానికి ఈ గొట్టపు గోడలు డిఫెన్సిన్లు మొదలైన ప్రోటీనులను తయారుచేస్తాయి. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య యేనుగు సురేశ్ గారు, వారి సహపరిశోధకులు ఎలుకలలో ఈ ప్రోటీనులను అధ్యయనం చేసినారు. వీటిలో పెక్కింటి ఉత్పత్తి పురుష హార్మోనుల ఆజ్ఞకు లోబడి జరుగుతుంది. అంటే ఒకే హార్మోను ఒకచోట ఆవేశాన్ని అణచుతుంది, మరొకచోట ఆయుధాలను అందిస్తుంది.

వయస్సునుబట్టి రోగం తీరు మారడం గవదబిళ్ళలలో స్పష్టంగా కనిపిస్తుంది. చిన్నపిల్లలలో ఈ వ్యాధి చెంపలతో సరిపోతుంది. యౌవనంలో ప్రవేశించినవారికి సోకితే, నూటికి 15 నుండి 30 మందికి వృషణం వాస్తుంది. ఆ వాపు తీవ్రంగా ఉన్న రోజులలో టెస్టోస్టెరోన్ కూడా తగ్గుతుంది. సాధారణంగా ఒక వైపే వాస్తుంది కనుక పూర్తి వంధ్యత్వం అరుదు.

ఇక ప్రోస్టేటు గ్రంథి విషయం. పురుషుని దేహంలోనూ ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను కొంత ఉంటుంది. మగ ఎలుకలకు దానిని అధికంగా ఇస్తే, సూక్ష్మజీవులు లేకపోయినా ప్రోస్టేటు వాచుట, టెస్టోస్టెరోన్ ఇస్తే ఆ వాపు తగ్గుట పరిశోధకులు గమనించినారు. వయస్సు మళ్ళిన కొలది టెస్టోస్టెరోన్ మెల్లగా తగ్గుతుంది. నడుము చుట్టూ పేరుకొన్న క్రొవ్వు మిగిలినదానిలో కొంత భాగాన్ని ఈస్ట్రోజన్‌గా మార్చుతుంది. ఆ క్రొవ్వే వాపును ప్రేరేపించే ద్రవ్యాలను రక్తంలోకి వదులుతుంది. అవి వృషణంలో హార్మోను తయారీని మందగింపజేస్తాయి. హార్మోను తగ్గితే వాపు, వాపు ఉంటే హార్మోను తగ్గుదల: ఇది ఒక విషవలయం.

అట్లయితే టెస్టోస్టెరోన్ సూదిమందు వేయించుకొంటే సరిపోదా అని కొందరికి తోచవచ్చు. సరిపోదు. బయటినుండి హార్మోను అందగానే, మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి ‘ఇక చాలు’ అని తన ఆజ్ఞలను ఉపసంహరిస్తుంది. వృషణం పని మానుకొంటుంది. శుక్రకణాలు సన్నగిల్లుతాయి, ఒక్కొక్కసారి పూర్తిగా కనుమరుగవుతాయి. బిడ్డల కోసం పరితపించే యువకునికి బలం పేరిట జరిగే అపకారమిది. పైగా వాపుకు మూలం సూక్ష్మజీవులైతే, వాటికి తగిన మందు లేనిదే ఏ హార్మోనూ నయం చేయలేదు. యువకులలో సుఖరోగాలు, పెద్దవారిలో మూత్రమార్గపు సూక్ష్మజీవులు, మన దేశంలో క్షయ కూడా ఇందుకు కారణాలు. మూత్రపరీక్ష, రక్తపరీక్ష చేయించి కారణం తెలుసుకొనడమే మొదటి మెట్టు. హార్మోను లోపం పరీక్షలో నిజంగా తేలినవారికి మాత్రం వైద్యుని పర్యవేక్షణలో చికిత్స ఉన్నది.

చివరగా ఒక హెచ్చరిక. బాలునికిగాని, యువకునికిగాని వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే దానిని వాపుగా భావించి కాపడం పెడుతూ కూర్చొనరాదు. వృషణం తన త్రాడుమీద మెలిపడి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరిగితే అది దక్కే అవకాశం మెండు. ఆలస్యమైన కొలది ఆశ సన్నగిల్లుతుంది. సిగ్గుపడి తెల్లవారేదాకా తల్లిదండ్రులకు చెప్పని పిల్లవాడు ఆ అవయవాన్నే కోల్పోవచ్చు. కంటినొప్పి, పంటినొప్పి చెప్పుకొన్నంత సహజంగా ఈ నొప్పి కూడా చెప్పుకొనదగినదేనని మన ఇండ్లలో తండ్రులు కొడుకులకు, అన్నలు తమ్ములకు తెలియజేయాలి. గోడమీది ప్రకటనలకు బలమిచ్చేది ఆ మౌనమే.