ఒంటరి సైకిలు బాటసారి – మన ఊరి బాధ్యత
(గిల్లేసూగూరులో చేసిన ప్రసంగ పాఠం)



రాయచూరు నుండి యరగేర మీదుగా మంత్రాలయం పోయే బాటలో ఉన్న ఊరు మనది. శ్రావణమాసంలో శ్రీ రాఘవేంద్రస్వామివారి ఆరాధన సమీపించగానే ఈ బాటపై పాదచారులు కనబడతారు. వారికి మంచినీళ్ళు ఇవ్వడానికి ఎవరూ వెనుకాడరు. వారెవరో, ఎక్కడికి పోతున్నారో అందరికీ తెలుసు. ఈనాడు నేను మాట్లాడదలచినది మరొక బాటసారిని గురించి. అతడు గుంపుతో రాడు, పండుగనాడు రాడు. సైకిలుకు రెండు సంచులు కట్టుకొని ఒంటరిగా వస్తాడు. అతని భాష మనకు రాకపోవచ్చు, మన భాష అతనికి రాకపోవచ్చు. అట్టివానిపట్ల మన నడవడి ఎట్లుండాలన్నదే నా ప్రసంగ విషయం.

దూరయాత్ర చేసే సైకిలు ప్రయాణికునికి తాను మోయగలిగినదే ఆస్తి. ఒక దుప్పటి, రెండు నీళ్ళ సీసాలు, పంక్చరు వేసుకొనే సామాను, అంతే. మన జిల్లాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ఆ నీళ్ళు పూటైనా నిలవవు. టైరు చీలినా, చీకటి పడినా, జ్వరం తగిలినా, ఆ క్షణాన ఎదురైన ఊరే అతనికి దిక్కు. కారులో పోయేవాడు ఇష్టం లేని ఊరిని అద్దం దించకుండానే దాటిపోగలడు. సైకిలువానికి ఆ వీలు లేదు. కనుక అతడు ముందుగా మనలను నమ్మవలసి ఉంటుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం మన వంతు.

1963లో డెర్వ్లా మర్ఫీ అనే ఐర్లండు వనిత సైకిలుపై ఒంటరిగా బయలుదేరి ఇరాను, ఆఫ్ఘనిస్థాను, పాకిస్థానుల మీదుగా ఢిల్లీ చేరింది. ఆత్మరక్షణకు ఒక పిస్తోలు వెంట తెచ్చుకొంది. అయినా అంత దూరం ఆమెను నడిపించినది దారిపొడుగునా పల్లెజనం పెట్టిన తిండి, చూపిన చోటు. 1977లో ఒడిశాకు చెందిన చిత్రకారుడు ప్రద్యుమ్నకుమార్ మహానందియా ఢిల్లీ నుండి సైకిలుపై స్వీడనుకు బయలుదేరాడు. దారిలో ఎదురైనవారి బొమ్మలు గీసి ఇచ్చి, అన్నమూ ఆశ్రయమూ పొందుతూ ముందుకు సాగాడు. వీరిని ఆదరించిన వందలాది ఇళ్ళవారి పేర్లు ఏ చరిత్రలోనూ కానరావు. పేరు కోరక చేసిన పని గనుకనే అది దయ అయింది.

ఈ ధర్మం మనకు కొత్త కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతం వండి వడ్డించి, తెలుగునాట అన్నదానానికే మారుపేరుగా నిలిచారు. అంత దూరం పోనక్కరలేదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చిన తరువాత, ఆంధ్ర నుండి వచ్చిన రైతులు ఈ జిల్లాలో ఎన్నో క్యాంపులు వేసుకొని స్థిరపడ్డారు. వచ్చిననాడు వారూ ముక్కూమొగమూ తెలియని పరాయివారే. ఈనాడు వారి మనుమలు కన్నడంలో చదువుకొంటున్నారు.

అయితే మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. మన కల్యాణ కర్ణాటకలోనే, బీదరు జిల్లా ముర్కి గ్రామంలో, 2018 జూలైలో హైదరాబాదు వైపు నుండి వచ్చిన ఒక యువకుణ్ణి జనం కొట్టి చంపారు. అతనూ అతని మిత్రులూ చేసిందల్లా బడిపిల్లలకు చాక్లెట్లు పంచడం. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారని వాట్సాపులో వచ్చిన పుకారు ఆ ప్రాణం తీసింది. కొట్టినవారు పుట్టుకతో క్రూరులని నేననను. వారు అడగలేదు, ఆగలేదు. ఒంటరిగా వచ్చే సైకిలు బాటసారికి, ఆ మాటకొస్తే మన ఊరినుండి పొరుగూరికి పోయే మన బిడ్డకు కూడా, పొంచి ఉన్న ప్రమాదం ఇదే.

కనుక కొన్ని పనులు మనం నియమంగా పెట్టుకోవాలి. వేసవి అంతా బస్సు నిలిచే చోట చలివేంద్రం నడవాలి. అక్కడే ఒక గాలిపంపు, రాత్రివేళ ఒక దీపం ఉండాలి. రాత్రికి నిలిచేవానికి ఏ గుడి అరుగో, బడి వరండానో పెద్దల అనుమతితో ముందే నిర్ణయించి ఉంచాలి. వచ్చినది స్త్రీ అయితే, ఆడవారున్న ఇంట చోటు చూపాలి. ఆదరణకూ హద్దుంది. అలసి వచ్చినవారి చుట్టూ మూగి, ఫొటోలు తీసి, ప్రశ్నలతో వేధించరాదు. ముందు నీళ్ళు, తరువాత మాట.

ఎవరిపైనైనా అనుమానం కలిగితే 112కు ఫోను చేయండి. చేయి మాత్రం ఎత్తకండి. నిర్ధారణ కాని కబురును మరొకరికి పంపకండి. సైకిలువానిని ఏ వాహనమైనా ఢీకొంటే, కేసుల భయంతో తప్పుకొని పోకండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను గాయపడినవారికి సద్భావంతో సాయపడినవారికి రక్షణ కల్పిస్తుంది. వారి పేరు, చిరునామా చెప్పితీరాలని ఎవరూ బలవంతపెట్టరాదు.

ఆ బాటసారి తెల్లవారి వెళ్ళిపోతాడు. తిరిగి వచ్చి మన ఋణం తీర్చడు. తరువాతి ఊరిలో ఒకరిని దారి అడగడానికి భయపడకుండా ఉంటే, మనం చేసిన ఉపకారం ఫలించినట్లే. ఆ ధైర్యం ఇచ్చి పంపే ఊరుగా గిల్లేసూగూరు ఉండాలని కోరుతూ, సెలవు తీసుకొంటున్నాను.