నాగయ్యగారి సంగీతము, కబీరు కంఠము
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను సంగీతశాస్త్ర మెరిగినవాడను కాను. నూలు కొని గుడ్డ అమ్ముకొను వర్తకుడను. అయినను చిత్తూరు వి. నాగయ్యగారిని గురించి ముచ్చటింపుమని కార్యవర్గమువారు కోరినప్పుడు కాదనలేకపోయితిని. ఇందుకు కారణము కలదు. క్రిందటి సమావేశమున, శ్రీరామనవమి ఉత్సవములలో నాగయ్యగారి ‘రామదాసు’ చిత్రమును ప్రదర్శింపవలెనని ఒక ప్రతిపాదన వచ్చినది. అందరును సంతోషించిరి. అంతలో కొందరు లేచి, అందలి కబీరు ఘట్టములను తీసివేసి మిగిలినది చూపిన చాలుననిరి. నిర్ణయము నేటికి వాయిదా పడినది. ఆ చిత్రమునకు దర్శకుడును, సంగీతమునకు పెద్ద దిక్కును అయిన మనిషి ఏమి ఉద్దేశించి ఏమి చేసెనో తెలిసికొనక కత్తెర పట్టుట తగదని నా మనవి.

నాగయ్యగారి అసలు పేరు ఉప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28వ తేదీన గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమున జన్మించిరి. చిత్తూరు నాటకరంగమున పేరు గాంచుటచే ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరైనది. ఇది మనకు వింత కాదు. మనము స్వగ్రామమునకు పోయినప్పుడు అక్కడివారు మనలను ‘బొంబాయివాండ్లు’ అనుటలేదా? 1938లో హెచ్. ఎం. రెడ్డిగారి ‘గృహలక్ష్మి’తో వారు చిత్రసీమలో ప్రవేశించిరి. కల్లు మానుమని ప్రబోధించుచు అందు వారు పాడిన పాట ఆంధ్రదేశమెల్ల వ్యాపించినది. పగారు నాటి సాయంకాలము మన పేటలలో ఆ పాట వినిపించిన బాగుండునని నేననుకొనుచుందును. అది వేరు సంగతి.

పిదప వాహినీవారి ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) చిత్రములలో నటించుటయే గాక సంగీతమును గూడ సమకూర్చిరి. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున ‘భక్త పోతన’, 1947లో ‘యోగి వేమన’ వచ్చినవి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘మీరా’లో రాణా పాత్రధారి వీరే. 1945లో తమిళమున వచ్చిన ఆ చిత్రము 1947లో హిందీలో వెలువడినందున బొంబాయి ప్రేక్షకులకును వారి ముఖము పరిచితమైనది.

నాగయ్యగారు పద్యము పాడు తీరును గూర్చి ఒక్క మాట. నాటకములలో పద్యమనగా రాగము సాగదీసి, జనులు ‘వన్స్ మోర్’ అనువరకు విడువని ఆచారముండెడిది. అందును గొప్పతనము లేకపోలేదు. కాని ఆ రాగపు జోరులో మాట మునిగిపోయెడిది. నాగయ్యగారు పద్యమును తనలో తాను తలపోసికొనునట్లు మెల్లగా పాడిరి. ప్రతి అక్షరము విడివిడిగా వినబడును. అక్షరము రాని వృద్ధులు మన పేటలలో పోతన కథయు, వేమన కథయు చెప్పుచుండగా వింటిని. వారికి ఆ పరిచయము ఏ పుస్తకము వలన కలిగినది? తెరమీద నాగయ్యగారిని చూచుటవలననే. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు బడులలో చదువుకొను మన పిల్లలకు తెలుగు లిపి కంటికి రాకముందు తెలుగు పలుకు చెవికెక్కవలెను. ఆ పనికి ఈ కంఠముకంటె తగినది నాకు తోచుటలేదు.

ఇక ‘త్యాగయ్య’ విషయము. 1946లో ఆ చిత్రమునకు నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, ప్రధాన పాత్రధారి అన్నియు తామే అయిరి. కృతులు త్యాగరాజస్వామివారివే గదా, సంగీతకర్తకు అందు పని యేమున్నదని ఒక మిత్రుడు నన్నడిగెను. పని యున్నది. వందలాది కృతులలో దేనిని ఏరుకొనవలెను? స్వామివారి జీవితమున ఏ కష్టమునకు, ఏ సంతోషమునకు ప్రక్కన దానిని నిలుపవలెను? కచేరీలో అరగంట సాగు దానిని తెరమీద ఎంతలో ముగింపవలెను? తంజావూరు ప్రభువు పంపిన కానుకలను త్యాగరాజు త్రోసిపుచ్చెనని కథ కలదు. అప్పుడాయన నోట వెలువడిన కృతిని కచేరీలో విన్నప్పుడు రాగము తెలియును. ఇంటిలో బియ్యము నిండుకొన్నదని తెలిసిన పిదప విన్నప్పుడు, ఆ మాట పలుకుటకు ఎంత గుండె కావలెనో తెలియును. పాటకు చోటు చూపుట దర్శకుని పని, చోటునకు తగినట్లు పాటను మలచుట స్వరకర్త పని. ఈ రెండును ఒక్క మనిషియందే కూడుట అరుదు.

ఈ సంగతి మనసున నుంచుకొని ‘రామదాసు’ను చూడవలెను. అది 1964లో విడుదలైనది. దర్శకుడు, రామదాసు పాత్రధారి నాగయ్యగారే. సంగీతమున ఇతరుల సహకారమును గలదు. కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాడు, భద్రాచలము తహసీలుదారు. సర్కారు సొమ్ముతో కోవెల కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెరసాలలో మ్రగ్గినవాడు. ఈ కథ మనలో ఎవరికి తెలియదు? అందు ఆయనకు రామమంత్ర ముపదేశించువాడు కబీరు. ఆ పాత్రను గుమ్మడి వెంకటేశ్వరరావుగారు ధరించిరి. కబీరునకు గళమిచ్చినవారు మహమ్మద్ రఫీగారు.

నాగయ్యగారు తామే మహాగాయకులు. మదరాసులో ఘంటసాలగారి వంటివారుండిరి. అట్లుండగా పంజాబులో పుట్టి బొంబాయిలో స్థిరపడిన, తెలుగు మాతృభాష కాని రఫీగారిని పిలువనేల? హిందీవారి పేరుకున్న ఆకర్షణ చాలుననువారుందురు. నా ఊహ వేరు. కబీరు ఉత్తరాదినుండి వచ్చినవాడు. ఆయన గొంతు విన్నంతనే ఇతడు పరదేశి అని తెలుగువాని చెవికి తోపవలెను. ఆ పరదేశి గొంతులో రామనామము మాత్రము సొంత యింటి మాటవలె నుండవలెను. తెలుగు గాయకుడే పాడియున్నచో కబీరు మరియొక తెలుగు భక్తుడు మాత్రమే అగును. అప్పుడు గోపన్న ఆశ్చర్యమునకు అర్థములేదు. కనుక కబీరును తీసివేయుట, పడుగు ఉంచి పేక లాగివేయుట వంటిది.

తొలగింపవలెనన్న సోదరులు చెప్పిన కారణము చారిత్రకమైనది. కబీరు పదునైదవ శతాబ్దివాడు, గోపన్న పదునేడవ శతాబ్దివాడు, వీరిద్దరు కలియుట అసంభవమనిరి. నిజమే, దానిని నేను కాదనను. హరికథలవారు చెప్పుచు వచ్చిన కథ అది. చిత్రమునకు ముందు ఆ మాట స్పష్టముగా పిల్లలకు చెప్పుదము. అయితే ఇన్ని తరములుగా తెలుగువారు తమ రామదాసునకు గురువుగా ఒక ముస్లిము నేతగానిని కోరి తెచ్చుకొనిరనునది గూడ చరిత్రయే.

ఎవరును పైకి చెప్పని రెండవ కారణమొకటి గలదు. దానిని నేను చెప్పెదను. 1970 మే నెలలోను, 1984 మే నెలలోను ఈ భివండీలో జరిగిన ఘోరములను మన పెద్దలు మరువలేదు. ప్రాణములు పోయినవి, ఇండ్లును మగ్గములును బూడిదయైనవి. నష్టపడినవారు ఇరుప్రక్కల గలరు. ఆ దుఃఖమును నేను తేలికచేయను. కాని ఉత్తరప్రదేశమునుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రును, కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చిన మనవారును ఒకే సైజింగులో బీములు చుట్టించుకొందురు, ఒకే బజారులో తాకాలు అమ్ముకొందురు. నూలు ధర పెరిగిననాడు ఇరువురి మగ్గములును నిలిచిపోవును. మార్కండేయుని సంతతివారమని చెప్పుకొను పద్మశాలీలు మనలో అధికులు. జులాహా ఐన కబీరు వృత్తిచేత మనకు పరాయివాడెట్లగును?

నాగయ్యగారి చివరి దినముల గురించి చెప్పక తప్పదు. ఒక కాలమున దక్షిణాది నటులలో అత్యధిక పారితోషికమును పొందినవారిలో వారొకరు. చేతికి వచ్చినది అడిగినవారికిచ్చిరి. మిగిలినది చిత్రనిర్మాణమున పోయినది. 1965లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. తుదకు చిన్న చిన్న వేషములతో కాలము గడపి 1973 డిసెంబరు 30న గతించిరి. వారి పేదరికమును సభలలో ఒక ఆభరణమువలె వర్ణింతురు. వర్తకునిగా నాకది మ్రింగుడుపడదు. బీము ఎక్కించి మగ్గము ఆపినవానికి వడ్డీ బాధ తెలియును. చిత్రము సగములో నిలిచినవాని బాధయు అంతియే. ఆయన దానముచే లాభపడినవారిలో లెక్కలు చూచిపెట్టువాడొకడైన లేకపోయెనే యని నాకు బాధ. ఆయన పేదయైనందుకు గాక, ఆయన చేసిన పనికి మనము దండము పెట్టవలెను.

కావున నా ప్రతిపాదన యిది. చిత్రమును సంపూర్ణముగా చూపవలెను. మన పొరుగు మోమిన్ పెద్దలను స్వయముగా పోయి పిలువవలెను. పోవుటకు నేను సిద్ధము, ఇంకొక యిద్దరు తోడు కావలెను. వారికి తెలుగు రాదు గనుక, ప్రతి ఘట్టమునకు ముందు కథను హిందీలో క్లుప్తముగా చెప్పుటకు మన ఆదివారపు తెలుగు తరగతినుండి ఒక బాలికను సిద్ధపరచుచున్నాము. ఖర్చు అంచనా కోశాధికారిగారి యొద్ద నున్నది. దయచేసి చూచి, అభ్యంతరములున్న నేడే ఈ సభలోనే చెప్పుడు.