రాజ్యము, రాష్ట్రము, ఎల్ల
(గోదావరిఖని గ్రంథాలయ సభయందలి ఉపన్యాసము)



బొగ్గుగనుల సీమలో రాజ్యాంగశాస్త్ర మేల యని కొందఱు తలంపవచ్చును. కాని రాజ్యమన నేమి, యెల్లయన నేమి యను ప్రశ్నలకు మన గోదావరి యొడ్డుకంటె మంచి పాఠశాల లేదు.

ప్రజలు, భూమి, ప్రభుత్వము, సర్వాధికారము: ఈ నాలుగును గూడిననే రాజ్యమగును. నాలుగవది కొఱవడిన నేమగునో హైదరాబాదు సంస్థానము చూపినది. నిజామునకు సొంత నాణెము, తపాలా, రైలు, సేన అన్నియు నుండెను. పరదేశ వ్యవహారములు మాత్రము ఆంగ్లేయుల చేతిలో నుండెను. వారు 1947లో వెడలిపోగా, నిజాము తాను స్వతంత్రుడనని చాటెను. 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి గడపయు నెక్కెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 17న ఆ ముచ్చట ముగిసినది. తపాలా బిళ్ల అచ్చువేసినంత మాత్రమున రాజ్యము కాదు గదా!

రాష్ట్రము మాట వేఱు. దాని యెల్లలను మార్చు నధికారము మన రాజ్యాంగము మూడవ అధికరణముచే పార్లమెంటునకు గలదు. శాసనసభ యభిప్రాయము నడుగుదురు. దానికి బద్ధులు కారు. కావుననే ఈ ప్రాంతము 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున జేరెను, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమయ్యెను. ఇల్లు కదలని వృద్ధుడు ఇన్ని ప్రభుత్వములను జూచెను. జిల్లాల హద్దులు ఇంకను తేలిక: 2016 అక్టోబరు 11న ఈ యొడ్డు పెద్దపల్లి, ఆ యొడ్డు మంచిర్యాల యైనవి.

నదిని ఎల్లగా జేయుట పటము గీయువానికి సుఖము. ఒడ్డున బ్రతుకువానికో? కాళేశ్వరమున కెదుట సిరొంచను జూడుడు. 1860లో నిజాము ఆ సీమను ఆంగ్లేయులకు వదలుకొనెను. అది మధ్యపరగణాలలో జేరి, మధ్యప్రదేశమై, 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును పోయెను. అచ్చట నేటికిని ఎన్నో యిండ్లలో తెలుగు, కచేరీలో మరాఠీ. వియ్యములు నది దాటుచునే యున్నవి.

ఇక భూగర్భము. బొగ్గుపొర ఏ సర్వేరాతిని ఎఱుగదు; బెల్లంపల్లినుండి కొత్తగూడెము వరకు దాని దారి దానిది. 1920లో నేర్పడిన సింగరేణి సంస్థను 1945లో నిజాము ప్రభుత్వము తన చేతిలోనికి దెచ్చుకొనెను. నేడు వాటాలలో నూటికి 51 తెలంగాణవి, 49 కేంద్రమువి. రాయల్టీ రాష్ట్రమునకు జేరును. దాని రేటును, గనుల చట్టమును కేంద్రము నిర్ణయించును. పెద్దవాటా గలవాడే పూర్తి యజమాని యని మనవారు చాలకాలము నమ్మిరి. 2021లో కోయగూడెము, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని గనులను కేంద్రము వేలమునకు బెట్టగా, ఆ నమ్మకము సడలినది. భూమి ఒకరిది, చట్టము వేఱొకరిది. త్రవ్వు చేతులకు దక్కునది యేమి? ఈ ప్రశ్నతోనే డిసెంబరులో కార్మికులు మూడు దినములు గనులు దిగక సమ్మె చేసిరి. శ్రావణపల్లి మంచిర్యాల జిల్లాలోనిది. దానికొఱకు నదికి ఈవలి గోదావరిఖనివారును పని మానిరి.