గులాబీ రంగు ఇల్లు - సొరుగులో దరఖాస్తు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర విశేషాలు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈఫిల్ టవరు గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చూసిన ఒక చిన్న మ్యూజియం గురించి చెబుతాను. అది బట్టలు కుట్టించిన ఒకాయన పుట్టి పెరిగిన ఇల్లు. నాలాంటి అకౌంట్సు గుమాస్తాకు అక్కడేం పని అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుంటూ వెళ్ళాను.

మా అమ్మాయి ప్యారిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి నుంచి మూడు గంటలు రైల్లో వెళితే గ్రాన్‌విల్ అనే సముద్రతీరపు ఊరు వస్తుంది. క్రిస్టియన్ డియోర్ అనే ఫ్యాషన్ డిజైనర్ 1905లో అక్కడ పుట్టాడు. కొండ అంచున తోట, తోటలో గులాబీ, బూడిద రంగులు కలిసిన మేడ, కింద సముద్రం. జీవితమంతా తనకిష్టమైనవి ఆ రెండు రంగులేనని ఆయన రాసుకున్నాడట. తల్లికి పూలమొక్కలంటే ప్రాణం. తండ్రికి ఎరువుల ఫ్యాక్టరీ ఉండేది. గాలి ఊరివైపు మళ్ళితే "డియోర్ వాసన వస్తోంది" అని ఊళ్ళోవాళ్ళు ముక్కు మూసుకునేవారట. తర్వాత అదే పేరుతో సెంటు సీసాలు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి!

1997 నుంచి ఆ ఇల్లు మ్యూజియం. లోపల వెలుతురు తక్కువ. ఎక్కువ వెలుగు తగిలితే పాతబట్ట రంగు వెలిసిపోతుందని అలా ఉంచుతారు. నలభై ఏళ్ళు ఇంట్లో ఉషా మిషను మీద వీధిలోవాళ్ళ జాకెట్లు కుట్టిన మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ప్రతి గౌనునూ దగ్గరగా చూసింది. "ఇంత గుడ్డను ఇంత సన్నని నడుములోకి ముడతపడకుండా ఎలా దించారో!" అంది. ఆ మాటే ఆనాటి లోకమూ అంది. 1947 ఫిబ్రవరి 12న ప్యారిస్‌లో డియోర్ మొదటి ప్రదర్శన జరిగింది. సన్నటి నడుము, మీటర్లకొద్దీ గుడ్డ పట్టే పొడుగు పావడాలు. ఒక అమెరికన్ పత్రిక సంపాదకురాలు దాన్ని 'న్యూ లుక్' అంది. యుద్ధం ముగిసి రెండేళ్ళయినా ఫ్రాన్సులో గుడ్డకు ఇంకా రేషనే. ఇంత వృథాయా అని కొందరు ఆడవాళ్ళు వీధిలోనే తిట్టిపోశారట. మన పెద్దవాళ్ళు కంట్రోలు బట్ట కోసం క్యూలో నిలబడిన కాలం కూడా ఇంచుమించు అదే.

చూడటం అయ్యాక తోటలో బెంచీ మీద కూర్చున్నాం. అమ్మాయి ఆయన కథ చెప్పసాగింది. కొడుకు విదేశాంగశాఖలో ఉద్యోగి కావాలని తల్లిదండ్రుల కోరిక. ఆయనకు బొమ్మలంటే ఇష్టం. చివరికి 1928లో స్నేహితుడితో కలిసి చిత్రాల దుకాణం పెట్టుకోవడానికి తండ్రి డబ్బిచ్చాడు, ఒక షరతు మీద. బోర్డు మీద ఇంటి పేరు ఉండకూడదు.

అక్కడ అమ్మాయి ఆగింది. నేను సముద్రంవైపు చూశాను.

అయ్యా, 1998లో మా అమ్మాయి ఇంటర్ పాసయింది. హైదరాబాదులో ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ వచ్చి అప్పటికి మూడేళ్ళు. నా పాత లెడ్జర్ల వెనక పేజీల నిండా అమ్మాయి వేసిన గౌన్ల బొమ్మలే. దరఖాస్తు నింపి, నా సంతకం కోసం తెచ్చింది. "మన ఇంటి పేరు దర్జీ కొట్టు బోర్డు మీదికి ఎక్కాలా?" అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం "చూద్దాంలే" అన్నాను. ఆ కాగితాన్ని నా బల్ల సొరుగులో పెట్టాను. గడువు తేదీ దాటిపోయింది. కాదని చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది. మా ఆవిడ మిషను డబ్బులతో పిల్లల ఫీజులు కట్టినవాణ్ణి నేను!

ఆ బెంచీ మీద ఆ సంగతి చెప్పబోయాను. "తెలుసు నాన్నా. అప్పుడే సొరుగులో చూశాను" అంది. మరి అడగలేదేమన్నాను. "నువ్వే తీసి ఇస్తావేమోనని రోజూ చూశాను" అంది. కోపంగా అనలేదు. ఎప్పుడో బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు అంది. మా ఆవిడ మాట్లాడకుండా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నాకిచ్చింది.

మిగతా కథ క్లుప్తంగా చెబుతాను. 1931లో డియోర్ తల్లి పోయింది, తండ్రి ఆస్తి పోయింది. తర్వాత ఆ ఇల్లూ చేతులు మారి, ఊరివాళ్ళ పార్కయింది. ముప్పై ఏళ్ళు దాటాక ఆయన టోపీల బొమ్మలు, గౌన్ల బొమ్మలు గీసి అమ్ముకుని పొట్టపోసుకున్నాడు. సొంత సంస్థ పెట్టేసరికి 41 ఏళ్ళు. 52వ ఏట, 1957లో కన్నుమూశాడు. బోర్డు మీద ఉండకూడదన్న ఆ పేరే 2023 మార్చిలో ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర జరిగిన ప్రదర్శనకూ పేరయింది. దానికి ఎంబ్రాయిడరీ చేసినవాళ్ళు ముంబయి పనివాళ్ళు. మనవాళ్ళు మగ్గం వర్క్ అంటారే, అలాంటి చేతిపనే.

మా అమ్మాయి డియోర్ అయ్యేదని నేననడం లేదు. చేరి, నచ్చక వెనక్కి వచ్చేదేమో కూడా. నా తప్పు అది కాదు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఏ ఫైలునూ కారణం రాయకుండా నా బల్ల మీద ఆపలేదని రిటైర్మెంటు సభలో గర్వంగా చెప్పుకున్నాను. ఇంట్లో ఒక్క ఫైలు ఆపాను. దాని మీద కారణం రాయలేదు.

మన మనుమలు, మనుమరాళ్ళు రేపు మన దగ్గరికి ఏవో కాగితాలు తెస్తారు. మనకు అర్థంకాని చదువులు, మనం వినని ఉద్యోగాలు. ఔననండి, కాదనండి, కారణం చెప్పండి. సొరుగులో మాత్రం పెట్టకండి.

తిరిగొచ్చాక మా ఆవిడ మిషనుకు నూనె వేయించాను. పాత లెడ్జర్లు వెతికితే ఒకటి దొరికింది. వెనక పేజీల్లో బొమ్మలు అలాగే ఉన్నాయి. అమ్మాయికి పోస్టులో పంపాను. చేరినట్టు ఫోను చేసింది. అంతకంటే ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.