ఓషధిసత్త్వము - శాస్త్రసత్యము

నేడు పట్టములు స్వీకరించుచున్న స్నాతకులారా,

ఔషధశాస్త్రమున కృతార్థులై లోకమున అడుగిడుచున్న మీకు, ఉత్తర చీనాదేశపు కొండవాలులందు పెరుగు హువాంగ్‌చిన్ అను చిన్న మొక్క వేరును గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ శుభసమయమునకు తగియుండునని తలంచుచున్నాను. మింగ్ రాజుల కాలపు వైద్యశిఖామణియైన లీ షీజెన్, ఇరువదియేండ్ల ప్రాయమున జ్వరకాసలచే కృశించి ప్రాణాశ వదలుకొన్నవేళ, తండ్రి కాచియిచ్చిన ఈ వేరు కషాయముచే స్వస్థుడైన వృత్తాంతమును, 1596లో నాన్‌జింగ్ నగరమున అచ్చుపడిన తన 'బెన్‌త్సావ్ గాంగ్‌మూ' అను మహాగ్రంథమున లిఖించెను.

ఆ వేరునకు పసుపువన్నె నిచ్చు ఫ్లేవనాయిడ్లలో బైకాలిన్, బైకలేయిన్ అనునవి ముఖ్యములు. బైకలేయిన్ అణువున ఒకే వలయమునందు ప్రక్కప్రక్కన మూడు హైడ్రాక్సిల్ సమూహములు కలవు. దేహకణములను చెరచు ఫ్రీ రాడికల్ ఎదురైనపుడు, అవి తమ ఉదజని పరమాణువు నొసగి దాని ఔద్ధత్యమును శమింపజేయును. అయితే, తాను ముందుగా ఆమ్లజనికి లోనై ఇతరమును కాపాడు ఆ గుణముచేతనే ఆ పదార్థము సులభముగా చెడుచున్నది. కోయుటకై వేరును చన్నీట నానవేసినచో, అందలి ఎంజైము బైకాలిన్‌నుండి గ్లూకురోనిక్ ఆమ్లమును విడదీయును; వెలువడిన బైకలేయిన్ గాలి సోకి మార్పుచెంద, పసుపువేరు ఆకుపచ్చనై సత్త్వహీనమగును. కావుననే చీనా ఔషధసంహిత, వేరును 10 నిమిషములు మరుగునీట నుంచియో, అరగంట ఆవిరిపై నుడికించియో, ఎంజైమును నశింపజేసిన పిమ్మటనే కోయవలెనని విధించుచున్నది.

ఇంత శ్రమపడి కాపాడిన శక్తియైనను, గాజునాళికలో కనబడినట్లే దేహమునను కనబడునని విశ్వసింపరాదు. నోట పుచ్చుకొన్న బైకాలిన్ ప్రేగులందలి సూక్ష్మజీవులచే విడగొట్టబడి, ప్రేగుగోడను దాటుచు మరల రూపాంతరము పొందియే రక్తమును చేరును. ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందిపై జరిగి 1994లో ప్రకటితమైన పరిశోధనలో, ఆమ్లజనీకరణమును నిరోధించి రక్షించునని ఎల్లరు నమ్మిన బీటా కెరోటిన్‌ను సేవించినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము అధికముగా సంభవించెను. సదుద్దేశము పరీక్షకు ప్రత్యామ్నాయము కాజాలదని ఇంతకంటె నిష్ఠురముగా చెప్పిన నిదర్శనము నాకు కానరాదు.

స్నాతకులారా! రేపు మీలో కొందరు ప్రయోగశాలలందు, కొందరు ఔషధకర్మాగారములందు, మరికొందరు గ్రామములలోని మందుల దుకాణములందు ఉందురు. ప్రాచీనవైద్యుల అనుభవమును శ్రద్ధతో పరిశీలింపుడు. పరిశీలించినదానిని నిర్దాక్షిణ్యముగా పరీక్షింపుడు. పరీక్షలో నిలిచినంతమట్టుకే మందుసీసాపై వ్రాయుడు. మీ వ్రాతను నమ్మి రోగి తన దేహమును మీకప్పగించుచున్నాడు. ఆ నమ్మకమునకు పాత్రులగుటయే మీ పట్టమునకు సార్థక్యము. మీకు సర్వశుభములు కలుగుగాక!