శిబిరం ముగిసిన మర్నాడు



ఏటా మనం ఉచిత వైద్య శిబిరం పెడుతున్నాం. షామియానా వేస్తాం, డాక్టర్లు వస్తారు, వచ్చిన వారందరికీ బీపీ, షుగరు పరీక్షలు చేస్తాం. అల్లాహ్ దయవల్ల అంతా చక్కగానే జరుగుతోంది. అయితే ఈ ఏడాది మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. బీపీ ఉందని తేలిన వారికి పది రోజుల మాత్రలు ఇచ్చి పంపాం. పదకొండో రోజు నుంచి వాళ్లు ఏం చేశారు? మా దగ్గర జవాబు లేదు. బీపీ మందు సాధారణంగా ఏళ్ల తరబడి వాడవలసింది. మానేస్తే పక్షవాతం, గుండెపోటు ముప్పు మళ్లీ పెరుగుతుంది.

ఇలాంటి పొరపాటు మన ఒక్కరిదే కాదు. మలేరియా సంగతి చూడండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి ఈ జ్వరం వస్తోందని అంచనా. 1953లో ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి ఇంటింటా డీడీటీ చల్లించింది. 1961 నాటికి కేసులు దాదాపు 50 వేలకు దిగాయి. ఇక గెలిచామనుకున్నారు. నిఘా సడలింది, మందు సరఫరా కుంటుపడింది, దోమలు డీడీటీకి లొంగకుండా తయారయ్యాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. రోగం తగ్గినప్పుడు ఖర్చు దండగ అనిపిస్తుంది. అది తగ్గి ఉన్నది ఆ ఖర్చు వల్లనేనన్న సంగతి మరుగున పడుతుంది.

మన పూర్వీకులకు ఈ ఎరుక ఉంది. కైరోలో సుల్తాన్ కలావూన్ 1284-85లో ఆసుపత్రి కట్టించి, భవనంతో ఊరుకోలేదు. దాని నిర్వహణకు ఆస్తులు వక్ఫ్ చేశాడు. జీతాలు, మందులు, రోగుల భోజనం ఆ రాబడితోనే గడిచేవి. అందుకే ఆయన పోయాక శతాబ్దాల పాటు అక్కడ పేదలకు వైద్యం అందింది. సదఖయె జారియా అంటే ఇదే కదా!

అంబులెన్సుకో యంత్రానికో దాతలు త్వరగానే దొరుకుతారు. నర్సు జీతానికి, నెలనెలా మాత్రలకు దొరకడం కష్టం. వాటి మీద ఎవరి పేరూ కనిపించదు మరి. వచ్చే ఏడాది నుంచి మేం అనుకున్నది ఇది: శిబిరంలో బీపీ, షుగరు తేలిన ప్రతి ఒక్కరి పేరు రిజిస్టరులో రాస్తాం. నెలకోసారి పరీక్షించి మందులిస్తాం. రాని వారి ఇంటికి మనిషిని పంపుతాం. ఇందుకోసం శిబిరం ఆర్భాటం తగ్గించుకున్నా ఫరవాలేదు.

మీలో ఒక్కొక్కరు ఒక రోగి ఏడాది మందుల బాధ్యత తీసుకోండి. పెద్ద మొత్తం అక్కర్లేదు, నెలనెలా తప్పకుండా అందితే చాలు. జకాత్ సొమ్మును దేనికి వాడవచ్చో ఉలమాలను అడిగి, ఆ లెక్క విడిగా ఉంచుతాం. ఎంతమందిని పరీక్షించామన్నది కాదు, ఎంతమందికి బీపీ అదుపులో ఉందన్నది వచ్చే సంచికలో మీకు లెక్క చెబుతాం. మమ్మల్ని నిలదీసి అడగండి.

మన ఈ చిన్న సేవను అల్లాహ్ స్వీకరించి, నిలకడ ప్రసాదించుగాక! ఆమీన్.