పుట్టిన భాష – కట్టిన భాష



పుస్తకమును గలీషియన్ భాషలో 'లీబ్రో' అందురు. ఎస్పెరాంతో భాషలోను 'లీబ్రో' అనియే అందురు. గ్రంథాలయపు పండుగనాడు ఈ రెండు దూరదేశపు భాషలను గూర్చి ముచ్చటించుటకు ఆ యొక్క మాటయే చాలును. మాట ఒక్కటే గాని, అది ఆ రెండు భాషలకు చేరిన త్రోవలు వేరు.

గలీషియా స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, పోర్చుగల్‌కు ఉత్తరమున, అట్లాంటిక్ సముద్రపు టొడ్డున నున్న సీమ. రోమనులు దానిని గెలిచిన పిమ్మట వారి లాటిన్ భాష అచ్చటి కర్షకుల నోటను, జాలరుల నోటను నాని, నలిగి, కొన్ని వందల యేండ్లకు గలీషియన్ అయినది. దాని నెవ్వరును కట్టలేదు. అది పుట్టిన సంవత్సరమును ఎవ్వరును చెప్పజాలరు.

ఎస్పెరాంతో పుట్టిన సంవత్సరము అందరికిని తెలియును. వార్సా నగరమున కంటివైద్యుడైన జామెన్‌హాఫ్ 1887లో దాని మొదటి పుస్తకమును వెలువరించెను. ఆయన పుట్టిన బ్యాలిస్టాక్ పట్టణములో యూదులు, పోలులు, రష్యనులు, జర్మనులు తలకొక భాష మాటలాడుచు, ఒకరి నొకరు అనుమానపు చూపులు చూచుచుండిరి. ఎవరి సొత్తును కాని రెండవ భాష యొకటి యున్నచో ఆ యనుమానము తీరునని ఆయన పసితనముననే తలచెను. పుస్తకముపై 'ఎస్పెరాంతో వైద్యుడు' అని మారుపేరు పెట్టుకొనెను. ఆశించువాడని దాని యర్థము. ఆ మారుపేరే భాషకు పేరై నిలిచినది.

ఆ కట్టడపు పొందిక మెచ్చదగినది. వ్యాకరణమంతయు 16 సూత్రములు. నామవాచకమునకు తుదిని 'ఓ', విశేషణమునకు 'ఆ'. క్రియకు తుదిని 'అస్' అన్న వర్తమానము, 'ఇస్' అన్న భూతము, 'ఓస్' అన్న భవిష్యత్తు. నేనైనను, నీవైనను, వారైనను రూపము మారదు. 'లీబ్రో' పుస్తకము, 'లిబ్రారో' పుస్తకముల సముదాయము, 'లిబ్రేయో' పుస్తకము లుండు చోటు. ఊరు, ఊరిలో, ఊరిలోని, ఊరిలోనివారు అని ఒకదానిపై నొకటి చేర్చుకొనుచు పోవు తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు.

గలీషియన్‌లో ఇంత సుఖము లేదు. 'ఫున్' అన్నచో 'నేను ఉంటిని' అనియు నగును, 'నేను పోతిని' అనియు నగును. సందర్భమును బట్టి గ్రహింపవలసినదే. అయినను అందులో నొక చుట్టరికము కలదు. 'వచ్చెదవా?' అని యడిగిన తెలుగువాడు 'అవును' అనుటకు మారుగా 'వచ్చెదను' అనును గదా! గలీషియా పల్లెవాడును అట్లే క్రియనే తిరిగి పలుకును.

రెండు భాషల మాటలను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన వాటి తత్త్వము తేటపడును. చంద్రునికి లాటిన్‌లో 'లూనా' అని పేరు. జామెన్‌హాఫ్ దానిని చెక్కుచెదరనీయక 'లూనో' చేసెను. గలీషియన్‌లో నడిమి 'న' అరిగిపోయి 'లూఆ' మిగిలినది. వానకు లాటిన్‌లో 'ప్లువియా', ఎస్పెరాంతోలో 'ప్లూవో', గలీషియన్‌లో 'చూవియా'. వానలు మెండైన సీమ యగుటచే తుంపరకు సయితము 'ఒర్బాల్యో' అని వేరొక మాటను ఆ జనము కల్పించుకొనిరి.

తల్లిని గలీషియన్‌లో 'నాయ్' అందురు. ఎస్పెరాంతోలో తండ్రి 'పాత్రో'; దానికి స్త్రీ ప్రత్యయము చేర్చగా 'పాత్రీనో' తల్లి యగును. సూత్రమునకు లోపము లేదు. కాని తల్లి పేరును తండ్రి పేరునుండి తయారుచేయుట, ఎంత మెచ్చుకొనువారికైనను, కొంచెము వెలితిగానే తోచును.

ఎస్పెరాంతో నేర్చుట సులభము. సులభమైనది నిలుచునని తలంతుము. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 13వ శతాబ్దిలో కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో మరియమ్మ స్తోత్రములకు గలీషియన్‌నే ఎన్నుకొనెను. పిమ్మట కచేరియు, చదువును కాస్టీలియన్ వశమయ్యెను. దాదాపు మూడువందల యేండ్లు గలీషియన్‌లో వ్రాత యన్నదే అరుదయ్యెను. ఆ కాలమును వారు చీకటి శతాబ్దము లందురు. కాగితమున లేకున్నను అది వంటయింటను, పొలమునను బ్రతికినది. 1863లో రొసాలియా దె కాస్త్రో అను కవయిత్రి ఆ పల్లెపాటల బాణీలోనే గ్రంథము వెలువరించి భాషకు మరల అచ్చు నొసగెను. నూరేండ్లకు, 1963 మొదలుకొని, మే 17ను గలీషియన్ సాహిత్య దినముగా జరుపుకొనుచున్నారు. ఫ్రాంకో పాలనలో బడికిని, కచేరికిని వెలియైన ఆ భాష 1981లో అధికార భాషయైనది.

ఎస్పెరాంతోకు పొలము లేదు, వంటయిల్లు లేదు. 1905లో ఫ్రాన్సులోని బూలోన్ పట్టణమున మొదటి మహాసభకు దాదాపు 700 మంది చేరి దుబాసీల సాయము లేకయే మాటలాడుకొనిరి. కాని దేశము లేని భాషను దేశముల నేలువారు నమ్మలేదు. స్టాలిన్ ఏలుబడిలో 1937, 38లలో ఎందరో ఎస్పెరాంతో వాదులు చెరసాలల పాలైరి, కాల్చబడిరి. జామెన్‌హాఫ్ 1917లోనే కన్నుమూసెను. ఆయన ముగ్గురు బిడ్డలను నాజీలు పొట్టన బెట్టుకొనిరి. భాష చావలేదు. నేర్చుకొందుమని పూనినవారే దానిని మోసికొని వచ్చిరి.

ఇప్పుడు విచిత్రముగా త్రోవలు మారుచున్నవి. గలీషియా నగరములలో అవ్వ గలీషియన్‌లో పిలిచిన మనుమడు కాస్టీలియన్‌లో బదులు పలుకుట సాధారణమైనది. భాష అధికారమున కెక్కినది గాని ఊయలనుండి జారుచున్నది. కాస్టీలియన్‌లోనే పెరిగి, యుక్తవయస్సున పట్టుబట్టి గలీషియన్‌ను తమ దినచర్యభాషగా చేసికొన్నవారు కొందరున్నారు. వారికి 'క్రొత్త పలుకరులు' అను నర్థము వచ్చు పేరు కలదు. ఎస్పెరాంతో వాదులవలె వారును పూనికచేతనే మాటలాడుచున్నారు.

ఎస్పెరాంతో మాత్రము కొన్ని యిండ్లలో ఊయల కెక్కినది. సభలలో కలిసి పెండ్లాడిన జంటలలో తల్లి దొక దేశము, తండ్రి దొక దేశము. వారి నడుమ నున్నది ఆ భాష యొక్కటే. వారి బిడ్డలు దానిని పుట్టుకతో నేర్చుచున్నారు. ఆ పసివారు తల్లిని 'పాత్రీనో' అని పిలువరు. 'పాన్యో' అందురు.